కరిగిన శిలల గ్రహం: సరతాన్ రాశిలోని 55 కాంక్రీ-ఇ

ఎండలు ముదరక ముందు, ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇషా నమాజు ముగించుకుని ఆరుబయటికి వచ్చినవారు తలెత్తి చూస్తే, పడమటి వైపు పునర్వసు జంట తారలు, తూర్పు వైపు మఖ నక్షత్రం స్పష్టంగా కనిపిస్తాయి. ఈ రెంటికీ నడుమనున్న ఆకాశం దాదాపు ఖాళీగా తోస్తుంది. నిజానికి అది ఖాళీ కాదు. అక్కడే కర్కాటక రాశి ఉంది. అరబ్బులు దీనినే సరతాన్ అన్నారు. ఆ మాటకూ ఎండ్రకాయ అనే అర్థం. తెలుగు పంచాంగాలలోని పుష్యమి ఈ రాశిలోనిదే. పుష్యమి పక్కనే పొగమంచు మరకలా కనిపించే తారల గుంపును అరబ్బులు అన్నస్రా అని పిలిచి, చంద్రుని 28 మజిలీలలో ఎనిమిదవదిగా లెక్కించారు. క్రీ.శ. 964 ప్రాంతంలో అబ్దుర్రహ్మాన్ అస్సూఫీ రచించిన స్థిర నక్షత్రాల గ్రంథంలో మిగిలిన రాశులతో పాటు ఈ రాశికీ చిత్రపటం ఉంది.

ఈ రాశి ఉత్తర భాగంలో 55 కాంక్రీ అనే చిన్న తార ఉంది. 55 అనేది ఆంగ్ల ఖగోళ శాస్త్రజ్ఞుడు ఫ్లామ్‌స్టీడ్ నక్షత్ర పట్టికను అనుసరించి వచ్చిన సంఖ్య. దీపాల వెలుగు లేని పల్లె ఆకాశంలో, మంచి చూపు ఉన్నవారికి మాత్రమే ఇది లీలగా కనిపిస్తుంది. భూమికి దాదాపు 41 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ఒక కాంతి సంవత్సరమంటే సుమారు 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు. సామాన్య బుద్ధికి ఇది ఊహించరాని దూరమే అయినా, నక్షత్రాల లెక్కలో 55 కాంక్రీ పొరుగింటి వంటిది. అది సూర్యుని వంటి నక్షత్రం. సూర్యుని కంటే కొంచెం చిన్నది, కొంచెం చల్లనిది. దాని చుట్టూ తిరిగే గ్రహాలు ఇంతవరకు ఐదు కనుగొనబడ్డాయి. వాటిలో నక్షత్రానికి అతి సమీపంలో ఉన్న గ్రహాన్ని 55 కాంక్రీ-ఇ అంటారు. ఈ వ్యాసానికి విషయం అదే.

ఆ గ్రహం సంగతులు విన్నవారికి మొదట నమ్మశక్యం కావు. సూర్య కుటుంబంలో అన్నిటికంటే లోపల తిరిగే బుధ గ్రహం సూర్యునికి సగటున 5 కోట్ల 80 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంది. 55 కాంక్రీ-ఇ తన నక్షత్రానికి కేవలం 23 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంది. అనగా బుధుని దూరంలో 25వ వంతు. సెకనుకు 225 కిలోమీటర్లకు పైగా వేగంతో పరుగెడుతూ 17 గంటల 41 నిమిషాలలో ఒక ప్రదక్షిణ పూర్తి చేస్తుంది. దానికి అదే సంవత్సరం. 354 రోజుల హిజ్రీ సంవత్సరం ఒకటి గడిచేలోగా అక్కడ 480 సంవత్సరాలు గడిచిపోతాయి. ఆ నేలపై నిలబడి చూడగలిగితే (నిలబడడం అసాధ్యమనుకోండి) నక్షత్రం మనకు కనిపించే సూర్యబింబం కంటే 60 రెట్లకు పైగా వెడల్పుగా ఆకాశాన్ని ఆక్రమించి ఉంటుంది. భూమికి సూర్యుని నుండి అందే వేడికి రెండు వేల రెట్లకు మించిన వేడి దానిపై పడుతుంది. శిలలు 1000, 1300 డిగ్రీల మధ్య కరగడం మొదలుపెడతాయి. కనుక నక్షత్రం వైపు తిరిగి ఉన్న ముఖమంతా కరిగిన రాతి సముద్రమై ఉంటుందని శాస్త్రజ్ఞుల అంచనా.

ఇలా చెప్పి ఊరుకుంటే ఇది ఒక వింత కథ అవుతుంది. వింత కథలకు కొదవ లేదు. ఈ గ్రహాన్ని గురించి 2004 నుండి వచ్చిన వార్తలలో సగం తరువాత సవరించబడ్డాయి, కొన్ని పూర్తిగా తోసివేయబడ్డాయి. ఏ మాట నిలిచింది, ఏది పడిపోయింది, ఎందువల్ల అనేదే తెలుసుకోదగిన విషయం.

చూడకుండా కొలవడం

ఈ గ్రహాన్ని ఇంతవరకు ఎవరూ విడిగా చూడలేదు. అతి పెద్ద దూరదర్శినికి కూడా అది నక్షత్రపు వెలుగులో కలిసిపోయి ఉంటుంది. అటువంటప్పుడు దాని బరువు, పరిమాణం, వేడి ఎలా తెలిశాయి?

మొదటి మార్గం నక్షత్రపు ఊగిసలాట. గ్రహాన్ని నక్షత్రం లాగినట్లే, గ్రహం కూడా నక్షత్రాన్ని కొద్దిగా లాగుతుంది. అందుచేత నక్షత్రం ఒకసారి మన వైపు, ఒకసారి అవతలి వైపు అతి స్వల్పంగా కదులుతుంది. మన వైపు వచ్చేటప్పుడు దాని కాంతి వర్ణపటంలోని గీతలు నీలం వైపు, దూరం జరిగేటప్పుడు ఎరుపు వైపు జరుగుతాయి. రైలు దగ్గరకు వచ్చేటప్పుడు కూత హెచ్చు స్వరంలోను, దాటిపోయాక తగ్గు స్వరంలోను వినిపించడం వంటిదే ఇది. 55 కాంక్రీ-ఇ తన నక్షత్రాన్ని ఊపే వేగం సెకనుకు సుమారు 6 మీటర్లు. ఉత్సాహంగా సైకిలు తొక్కే కుర్రవాని వేగం అంతే ఉంటుంది. 41 కాంతి సంవత్సరాల దూరం నుండి సైకిలు వేగాన్ని పట్టుకోవడం సామాన్యమైన పని కాదు. పైగా అదే నక్షత్రాన్ని మరి నాలుగు గ్రహాలు కూడా లాగుతున్నాయి. వాటి ఊపులన్నిటినీ లెక్కగట్టి తీసివేసిన తరువాత మిగిలినదే ఈ గ్రహం ఊపు.

అమెరికాలో టెక్సాస్‌లోని మెక్‌డొనాల్డ్ వేధశాల నుండి జరిపిన పరిశీలనల ఆధారంగా 2004లో ఈ గ్రహాన్ని ప్రకటించారు. అది 2.8 రోజులలో ఒక ప్రదక్షిణ చేస్తుందని అప్పుడు చెప్పారు. ఆరేళ్ళ పాటు అందరూ ఆ సంఖ్యనే నమ్మారు, పుస్తకాలలోనూ అదే రాసుకున్నారు. అది తప్పు.

తప్పు ఎలా జరిగిందో గమనించదగినది. ఎందుకంటే, పరికరంలో లోపం లేదు, కొలతలలోనూ లోపం లేదు. ఒక పెద్ద చెరువు చుట్టూ ఒక మనిషి ఆగకుండా తిరుగుతున్నాడనుకుందాం. చెరువు గట్టున ఒక ఇల్లు, ఆ ఇంటి కిటికీ రోజుకొక్కసారి, ఒకే వేళకు మాత్రమే తెరుచుకుంటుంది. ఆ మనిషి రోజుకు ఒకటీ మూడో వంతుకు కొంచెం మించి చుట్లు తిరుగుతున్నాడు. కిటికీలోంచి చూసేవానికి నిన్నటి చోటు నుండి ఈ రోజు మూడో వంతు చుట్టు ముందుకు జరిగినట్లు మాత్రమే కనిపిస్తుంది. నడుమ పూర్తయిన ఒక చుట్టు వాని లెక్కలోకి రాదు. ఇతడు సుమారు మూడు రోజులకొక చుట్టు తిరుగుతున్నాడని చూసినవాడు నిజాయితీగానే చెబుతాడు. భూమిపై దూరదర్శినులకు రాత్రిపూట మాత్రమే నక్షత్రాలు కనిపిస్తాయి. ఒక నక్షత్రం ప్రతి రాత్రీ దాదాపు ఒకే వేళకు అనుకూలమైన ఎత్తుకు వస్తుంది. అదే ఆ కిటికీ.

2010లో రెబెకా డాసన్, డేనియల్ ఫాబ్రికీ అనే ఇద్దరు పరిశోధకులు కొత్త పరిశీలన ఒక్కటీ చేయకుండా పాత కొలతలనే తిరిగి లెక్కించి, అసలు కాలం 0.74 రోజు కన్నా కొంచెం తక్కువ, అనగా 17 గంటల 41 నిమిషాలని చూపారు. దీనితో గ్రహం అనుకున్నదానికంటే చాలా దగ్గరకు జరిగింది. అంత దగ్గరగా తిరిగే గ్రహం మన చూపుకు అడ్డంగా, నక్షత్ర బింబం ముందు నుండి దాటే అవకాశం సుమారు నాలుగోవంతు ఉంటుందని కూడా వారు చెప్పారు.

మరుసటి ఏడే, 2011లో, ఆ మాట నిజమైంది. కెనడా వారి మోస్ట్ అనే చిన్న ఉపగ్రహం, అమెరికా వారి స్పిట్జర్ పరారుణ దూరదర్శిని రెండూ వేర్వేరుగా గ్రహం అడ్డుపడడాన్ని పట్టుకున్నాయి. గ్రహం అడ్డువచ్చిన గంటన్నర సేపు నక్షత్రపు వెలుగు మూడు వేలలో ఒక వంతు తగ్గింది. తగ్గిన వెలుగును బట్టి గ్రహం వెడల్పు తెలిసింది: భూమికి 1.9 రెట్లకు కొంచెం లోపు. ఊపును బట్టి బరువు తెలిసింది: భూమికి దాదాపు 8 రెట్లు. ఈ రెండూ తెలిస్తే సాంద్రత తెలిసినట్లే. నీటికి ఆరున్నర రెట్ల సాంద్రత. గురు గ్రహం వంటి వాయుగోళానికి ఇంత సాంద్రత ఉండదు. ఇది శిలాగోళమే.

వజ్రాల వార్త

అయితే ఇక్కడే ఒక చిక్కు ఉంది. భూమి సాంద్రత ఐదున్నర, ఈ గ్రహానిది ఆరున్నర అంటే ఇది భూమి కంటే గట్టి పదార్థంతో తయారైందని అనిపిస్తుంది. అది పొరపాటు. భూమి పదార్థాన్నే ఎనిమిది రెట్లు పోగుచేస్తే, తన బరువుకు తానే నొక్కుకుపోయి ఇంకా ఎక్కువ సాంద్రతకు చేరుతుంది. ఆ లెక్కన చూస్తే 55 కాంక్రీ-ఇ ఉండవలసిన దానికంటే కాస్త ఉబ్బుగా, తేలికగా ఉంది. ఇనుము తక్కువైనా కావాలి, పైన ఏదో తేలిక పదార్థపు పొర అయినా ఉండాలి. గ్రహాన్ని గురించి తరువాత జరిగిన వాదమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగినదే.

2011లో మొదట వచ్చిన ఊహ నీరు. అత్యధిక వేడిలో, ఒత్తిడిలో ద్రవమూ ఆవిరీ కాని స్థితిలో నీటి పొర ఉండవచ్చునన్నారు. 2012లో యేల్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న భారతీయ శాస్త్రజ్ఞుడు నిక్కు మధుసూదన్, తన సహచరులతో కలిసి మరొక మార్గం చూపారు. వారణాసిలో ఇంజనీరింగ్ చదివి అమెరికా వెళ్ళినవాడాయన. ఈ నక్షత్రంలో ప్రాణవాయువు కంటే బొగ్గు మూలకం, అనగా కర్బనం ఎక్కువగా ఉందని 2010లో వెలువడిన ఒక కొలత తెలిపింది. నక్షత్రమూ గ్రహమూ ఒకే మేఘం నుండి పుడతాయి గనుక గ్రహంలోనూ కర్బనం ఎక్కువై ఉండవచ్చు. అటువంటి గ్రహంలో నీరు, సాధారణ శిలల బదులు గ్రాఫైటు, వజ్రం, సిలికాన్ కార్బైడు ఉన్నా బరువు, వెడల్పు లెక్కలు సరిపోతాయని ఆయన వాదన. గ్రహం బరువులో మూడోవంతు వరకు వజ్రమై ఉండవచ్చునని అంచనా వేశారు.

పత్రికలకు ఇంకేం కావాలి? "ఉండవచ్చు" అన్న మాట దారిలో ఎక్కడో జారిపోయింది. మూడు భూములంత వజ్రం దొరికిందన్న కథనాలు ప్రపంచమంతా చుట్టివచ్చాయి. ధర కట్టినవారూ ఉన్నారు. ఇందులో శాస్త్రజ్ఞుల దోషమేమీ లేదు. వారు షరతు పెట్టే మాట్లాడారు. నక్షత్రపు కర్బనం కొలత నిజమైతేనే ఆ ఊహ నిలుస్తుందన్నది ఆ షరతు.

2013లో జొహన్నా టెస్కీ, ఆమె సహచరులు ఆ నక్షత్రపు వర్ణపటాన్నే మరింత జాగ్రత్తగా, పలు గీతల ఆధారంగా పరీక్షించారు. కర్బనం ప్రాణవాయువు కంటే ఎక్కువ కాదని, దానిలో సుమారు 0.78 వంతేనని తేలింది. మునుపటి కొలతలో ఈ నిష్పత్తి 1.12. సూర్యునిలో ఇది 0.55 ప్రాంతంలో ఉంటుంది. అనగా 55 కాంక్రీ సూర్యుని కంటే కర్బనం కాస్త ఎక్కువున్న నక్షత్రమే గాని, వజ్రాల గ్రహానికి కావలసినంత కాదు. పునాది కదిలింది గనుక మేడ కూడా కదిలింది. ఈ సవరణ వార్త ఎన్ని పత్రికలలో వచ్చిందో వెతికి చూడనవసరం లేదు. నేటికీ సామాన్య పాఠకునికి ఇది "వజ్రాల గ్రహం" గానే తెలుసు.

కోపర్నికస్ పేరు, దమస్కు గడియారపు మనిషి

ఈ నక్షత్రానికీ దాని గ్రహాలకూ 2015లో పేర్లు పెట్టారు. అంతర్జాతీయ ఖగోళ సంఘం ప్రపంచవ్యాప్తంగా ప్రజల ఓట్లు తీసుకుని, ఒక డచ్చి సంఘం సూచించిన పేర్లను ఆమోదించింది. నక్షత్రానికి కోపర్నికస్ అని, గ్రహాలకు గెలీలియో, బ్రాహీ, లిపర్‌హే, జాన్సెన్, హారియట్ అని పేర్లు. మన గ్రహానికి వచ్చినది జాన్సెన్ పేరు. అతడు కళ్ళద్దాలు తయారుచేసే డచ్చి పనివాడు. సూర్యుడు నడుమ ఉండగా భూమి తిరుగుతున్నదని చెప్పిన కోపర్నికస్ పేరు, చుట్టూ ఐదు గ్రహాలున్న నక్షత్రానికి పెట్టడం ఉచితంగానే ఉంది.

కోపర్నికస్ పేరు వచ్చినప్పుడు ఇంకొందరి పేర్లు తలచుకోవడం న్యాయం. 1543లో అచ్చయిన తన గ్రంథంలో ఆయనే అల్ బత్తానీ పేరును పలుమార్లు ఉదహరించాడు. 13వ శతాబ్దంలో మరాగా వేధశాలను నడిపిన నసీరుద్దీన్ తూసీ, రెండు వలయాలను ఒకదానిలో ఒకటి దొర్లించి సరళ రేఖపై కదలికను సాధించే ఉపాయాన్ని కనిపెట్టాడు. అదే ఉపాయం కోపర్నికస్ గ్రంథంలో కనిపిస్తుంది. 14వ శతాబ్దంలో దమస్కులోని ఉమవీ మస్జిదులో నమాజు వేళలను నిర్ణయించే మువఖ్ఖిత్‌గా పనిచేసిన ఇబ్న్ అష్షాతిర్ చంద్రుని గమనానికి ఒక నమూనా రచించాడు. కోపర్నికస్ చంద్ర నమూనా దానితో సరిపోతుందని 1950ల చివరలో ఆధునిక పరిశోధకులు గుర్తించారు. ఆ రచనలు దమస్కు నుండి ఇటలీకి ఏ దారిన చేరాయన్నది చరిత్రకారుల మధ్య ఇంకా తెగని వాదమే. అయినా ఇబ్న్ అష్షాతిర్ భూమినే కేంద్రంగా ఉంచాడు. సూర్యుని నడుమ నిలిపినది కోపర్నికసే. ఎవరి వాటా వారికి ఇవ్వాలి, దానికి మించి కాదు.

అదే 2015 ఓటింగులో మరొక చక్కని సంగతి జరిగింది. ఆండ్రోమెడా రాశిలో 44 కాంతి సంవత్సరాల దూరాన ఉన్న ఒక నక్షత్రానికి, మొరాకో దేశపు ఖగోళ సంఘం ఒకటి సూచించిన పేర్లు గెలిచాయి. నక్షత్రానికి తితావిన్ అని పేరు. అది తెతువాన్ నగరానికి పాత పేరు. దాని మూడు గ్రహాలకు సఫ్ఫార్, సమ్హ్, మజ్రీతీ అని పేర్లు. అందులుసులో, ఖుర్తుబా నగరాన వెయ్యేళ్ళ క్రితం పనిచేసిన మస్లమా అల్ మజ్రీతీ, ఆయన శిష్యులు ఇబ్నుస్సఫ్ఫార్, ఇబ్నుస్సమ్హ్‌ల జ్ఞాపకార్థం ఆ పేర్లు పెట్టారు. ఆ గ్రహాలు శిలాగోళాలు కావు, పెద్ద వాయుగోళాలు.

55 కాంక్రీ-ఇ కథకు వీరందరిలో ఎక్కువ దగ్గరైనవాడు మాత్రం 11వ శతాబ్దపు ఇబ్నుల్ హైసమ్. ఆయన టాలెమీని గొప్పవాడిగా గౌరవిస్తూనే "అష్షుకూక్ అలా బత్లమ్యూస్" అనే గ్రంథంలో టాలెమీ లెక్కలపై తన సందేహాలను ఒక్కొక్కటిగా రాశాడు. లెక్క ఫలితం ఆకాశంతో సరిపోయినంత మాత్రాన నమూనా నిజమైపోదని ఆయన పట్టుదల. 2.8 రోజుల సంఖ్య ఆరేళ్ళ పాటు కొలతలతో సరిపోయింది. వజ్రం ఊహ కూడా బరువు, వెడల్పు లెక్కలతో సరిపోయింది. సరిపోవడం చాలలేదు.

గాలి ఉందా, లేదా?

ఇప్పుడు జరుగుతున్న అసలు వాదం గాలిని గురించి. శిలా గ్రహాలు విశ్వంలో అసంఖ్యాకంగా ఉన్నాయని తెలుసు. వాటిలో ఏవి తమ వాయుమండలాన్ని నిలుపుకోగలవన్నది తెలియవలసిన విషయం. భూమికి మొదట ఉన్నది ఇప్పటి గాలి కాదు. 450 కోట్ల సంవత్సరాల క్రితం భూమి కూడా కరిగిన రాతి సముద్రమై ఉన్నప్పుడు, ఆ రాతి నుండి వెలువడిన వాయువులే తరువాతి వాయుమండలానికి ఆధారమయ్యాయి. ఆ దశకు సంబంధించిన శిలలు భూమిపై దాదాపు ఏవీ మిగలలేదు. కరిగిన రాతికీ దానిపైనున్న వాయువుకూ నడుమ జరిగే ఇచ్చిపుచ్చుకోళ్ళను నేడు చూడాలంటే 55 కాంక్రీ-ఇ వంటి చోట్లకే పోవాలి. అందుకే ఇంత శ్రమ.

దీనిని కొలిచే పద్ధతి మరొక రకం గ్రహణం. గ్రహం నక్షత్రం వెనుకకు పోయినప్పుడు గ్రహం వెలుగు మరుగవుతుంది. మరుగుకు ముందు ఉన్న మొత్తం వెలుగు నుండి మరుగైనప్పటి వెలుగును తీసివేస్తే మిగిలేది గ్రహం వెలుగు మాత్రమే. 2012లో స్పిట్జర్ ఈ విధంగా 55 కాంక్రీ-ఇ నుండి వచ్చే పరారుణ వెలుగును మొదటిసారి పట్టుకుంది. ఆ తరువాత సుమారు 80 గంటల పాటు గ్రహాన్ని అన్ని వైపుల నుండి గమనించిన కొలతలు 2016లో వెలువడ్డాయి. పగటి ముఖం దాదాపు 2400 డిగ్రీల సెంటీగ్రేడు, రాత్రి ముఖం 1100 డిగ్రీల ప్రాంతం. అన్నిటికంటే వేడి చోటు సరిగ్గా నక్షత్రం కింద కాక తూర్పుకు జరిగి ఉందని కూడా తేలింది. వేడిని జరిపినది గాలి అని కొందరు, లావా ప్రవాహమని కొందరు వాదించారు. 2022లో అవే కొలతలను వేరొక బృందం తిరిగి లెక్కించగా ఆ జరుగుబాటు చాలావరకు మాయమైంది. పగలు ఇంకా వేడిగా, రాత్రి ఇంకా చల్లగా తేలింది. మళ్ళీ అవే పాత కొలతలు, కొత్త లెక్క.

నడుమ 2016లో హబుల్ దూరదర్శిని కొలతల ఆధారంగా ఈ గ్రహంపై తేలికైన జలజని వాయువు, అనగా హైడ్రోజన్ ఉందని లండను బృందం ఒకటి ప్రకటించింది. ఇంత వేడిలో ఆ వాయువు నిలవడమే ఆశ్చర్యం. తరువాత ఇతరులు నేల మీది పెద్ద దూరదర్శినులతో వెతికినా దానికి బలం చేకూరలేదు.

2021 డిసెంబరు 25న ఆకాశానికి పంపిన జేమ్స్ వెబ్ దూరదర్శిని ఈ వాదంలోకి రావడంతో పరిస్థితి మారింది. దాని అద్దం వెడల్పు 6.5 మీటర్లు, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉండి పరారుణ కిరణాలను గమనిస్తుంది. 2022 నవంబరులోను, 2023 మార్చిలోను అది చూసిన గ్రహణాలను రెన్యూ హూ నాయకత్వాన ఒక బృందం విశ్లేషించి 2024లో ప్రకటించింది. గాలి లేని నల్లని రాయి అయితే పగటి ముఖం దాదాపు 2200 డిగ్రీలు ఉండాలి. కనిపించినది సుమారు 1540 డిగ్రీలు. ఆ తేడా వేడి ఎక్కడికో పోయి ఉండాలి. దానిని రాత్రి వైపుకు మోసుకుపోయే వాయుమండలం ఉన్నదని వారి నిర్ణయం. ఆవిరైన రాతి వాయువు అంత వేడిని మోయలేదు. పైగా వర్ణపటంలో బొగ్గుపులుసు వాయువు లేదా కార్బన్ మోనాక్సైడు పీల్చుకునే చోట వెలుగు తగ్గి కనిపించింది. మొదట పుట్టిన గాలిని నక్షత్రం ఎన్నడో ఊడ్చివేసి ఉంటుంది. ఇప్పుడున్నది లావా సముద్రం నుండి ఎప్పటికప్పుడు వెలువడుతూ నిలుస్తున్న గాలి అని వారి భావన.

ఇది ఎంత అరుదైన ఫలితమో తెలియాలంటే ఇతర గ్రహాలతో పోల్చాలి. 49 కాంతి సంవత్సరాల దూరాన, 11 గంటలకొక ప్రదక్షిణ చేసే ఎల్.హెచ్.ఎస్. 3844-బి అనే శిలా గ్రహాన్ని స్పిట్జర్ పరీక్షించగా, 2019లో వచ్చిన జవాబు స్పష్టం. పగటి ముఖం 770 డిగ్రీలు, రాత్రి ముఖం నుండి వేడి జాడే లేదు. దట్టమైన గాలి అక్కడ లేదు; బుధ గ్రహం వలె వట్టి రాయి. 2023లో ట్రాపిస్టు-1 నక్షత్రపు అతి లోపలి గ్రహం గురించి వెబ్ ఇచ్చిన జవాబు కూడా ఆ వైపే మొగ్గింది. ఈ రెండూ ఎర్ర మరుగుజ్జు నక్షత్రాల చుట్టూ తిరిగేవి. వీటి నడుమ 55 కాంక్రీ-ఇ వేరుగా నిలుస్తున్నది.

అయితే అదే 2024లో వచ్చిన మరొక ఫలితం విషయాన్ని మళ్ళీ చిక్కుపరిచింది. వెబ్ దూరదర్శినితో ఐదు గ్రహణాలను చూసిన వేరొక బృందానికి ఏ రెండు గ్రహణాలూ ఒకేలా కనిపించలేదు. ఒక గ్రహణంలో, ఒక తరంగంలో, గ్రహం వెలుగు దాదాపు శూన్యం. మరొక దానిలో స్పష్టంగా ఉంది. కొద్ది రోజుల తేడాలో ఒక గ్రహం పగటి ముఖం ఇంతగా మారడం సామాన్యం కాదు. స్పిట్జర్ కాలంలోనే 2012, 2013 కొలతల నడుమ ఇటువంటి తేడా కనిపించింది. అప్పుడు దానిని పరికరపు చపలత్వమని అనుమానించినవారూ ఉన్నారు. ఇప్పుడు రెండవ పరికరం కూడా అదే మాట చెబుతున్నది.

కారణాలుగా రెండు మూడు ఊహలున్నాయి. ఒకటి, గ్రహం ఎల్లప్పుడూ ఒకే ముఖాన్ని నక్షత్రానికి చూపదేమోనన్నది. రెండు ప్రదక్షిణలలో మూడు సార్లు తన చుట్టూ తాను తిరిగే పద్ధతి బుధ గ్రహానికి ఉంది. ఇక్కడా అలాగే అయితే ఒక గ్రహణానికి ఒక ముఖం, తరువాతి గ్రహణానికి రెండవ ముఖం వంతులవారీగా కనిపించాలి. సరి సంఖ్య గ్రహణాలు ఒక తీరు, బేసి సంఖ్య గ్రహణాలు ఒక తీరు ఉండాలి. గ్రహణపు లోతులు అంత క్రమంగా మారలేదు. రెండవ ఊహ మేఘాలు: లావా నుండి లేచిన రాతి ఆవిరి ఖనిజ మేఘాలుగా కమ్ముతుంది, వాటి నీడలో లావా కాస్త చల్లబడుతుంది, ఆవిరి తగ్గి మేఘాలు విరుగుతాయి, మళ్ళీ వేడెక్కుతుంది. మూడవది, లావా అడుగు నుండి వాయువులు నిలకడగా కాక ఉండుండి ఎగజిమ్మడం. ఇందులో ఏది నిజమైనా గాలి ఉన్నదన్న మాటకు బలమే గాని, ఆ గాలిలో ఏ వాయువు ఎంత అన్నది అప్పటివరకు ఖాయం కాదు.

తేల్చుకోవడానికి కావలసినది వరుసగా మరిన్ని గ్రహణాలు. గ్రహం వైపు నుండి కొరతేమీ లేదు; ప్రతి 17 గంటల 41 నిమిషాలకూ ఒక గ్రహణం వస్తూనే ఉంటుంది. కొరత దూరదర్శిని సమయానిది. వెబ్‌పై ఒక్కొక్క గంట కోసం ప్రపంచంలోని పరిశోధకులందరూ పోటీపడుతున్నారు. పైగా సూర్యుని వేడి సోకకుండా ఆ దూరదర్శిని ఎల్లప్పుడూ సూర్యునికి వీపు తిప్పి ఉండాలి గనుక, సరతాన్ రాశి వైపు అది ఏడాదిలో రెండు విడతలుగా, కొద్ది వారాలు మాత్రమే చూడగలదు.